తొమ్మిదో పొర

నాకు ముక్కు మీద కోపమనీ, నా నోట్లో నువ్వుగింజ నానదనీ మా అక్క నలుగురిలో చెబుతూ ఉంటుంది. కోపం మాట నిజమే. నువ్వుగింజ మాట మాత్రం ఆవిడకు తెలియక అన్నది. పదిహేడేళ్ళు ఒక సంగతి కడుపులో దాచుకుని ఆవిడ ఎదురుగానే కూర్చుని టీ తాగాను. నేను ఏం కుడతానో ఆవిడకు చెప్పలేదు. అడిగితే గుడారాలన్నాను.

"ఇన్నేళ్ళుగా కుడుతూనే ఉన్నావు, ఎవరే అన్ని గుడారాల్లో కాపురం ఉండేది?" అని నవ్వేది.

నేను కుట్టేది బాంబులు విప్పేవాళ్ళు వేసుకునే దుస్తులు. దేశ రక్షణకు కావలసిన సామాను తయారుచేసే ఒక పెద్ద ఆవరణలో చివరి షెడ్డు మాది. గేటు దగ్గర ఫోను ఇచ్చేసి లోపలికి వెళ్ళాలి. బయటికొచ్చాక లోపల చూసింది నోటికి రాకూడదు. పక్క షెడ్లలో ఏం చేస్తారో మాకూ తెలియదు. ఎవరైనా ఆరా తీయబోతే మా కటింగ్ మేస్త్రి "కందకు లేని దురద కత్తిపీటకెందుకు" అని కసురుకునేవాడు. మా షెడ్డులో ఆరు మిషన్లు, ఒక పొడవాటి బల్ల, గోడ పొడుగునా పసుపుపచ్చ గుడ్డ చుట్టలు. ఆ గుడ్డ మహా మొండిది, కొత్త కత్తెర వారానికే మొద్దుబారిపోతుంది. ఛాతీకి ఇన్ని పొరలు, తొడకు ఇన్ని పొరలు అని ఇంజనీర్లు డ్రాయింగులో లెక్క ఇస్తారు. ఆ లెక్క ప్రకారం పేర్చి కుట్టడం మా పని. అంతా తయారయ్యాక ఆ దుస్తులు పదేళ్ళ పిల్లాణ్ణి ఎత్తుకున్నంత బరువుంటాయి. అవి తొడుక్కుని ఒక మనిషి ఒంటరిగా బాంబు దగ్గరికి నడిచి వెళతాడు.

మా షెడ్డులో రెండు కట్టుబాట్లున్నాయి. ఎవరికి కుడుతున్నామో మాకు చెప్పరు, అది మొదటిది. ఒక నంబరు, ఇరవై ఆరు కొలతలు ఉన్న కాగితం వస్తుంది, అంతే. ఆ కొలతలు చూసి తెలిసినవాళ్ళవని అనుమానం వస్తే కాగితం మేస్త్రికి తిరిగి ఇచ్చేయాలి. "సొంతవాళ్ళకి కుట్టేటప్పుడు చెయ్యి డ్రాయింగు మాట వినదు," అనేవాడు మేస్త్రి. ఇక రెండోది, పేలుడు చూసి వచ్చిన దుస్తుల్ని కుట్టిన మనిషే విప్పాలి. ఒక్కో కుట్టూ ఊడదీసి, ఏది ఆగింది, ఏది ఆగలేదు అని రాసి సంతకం పెట్టాలి. ఏ టాకా ఎక్కడ వేశామో వేసిన చేతికి తెలిసినట్టు ఇంకో చేతికి తెలియదు కదా. పదిహేడేళ్ళలో నేను అలా మూడు విప్పాను. మూడింటిలోనూ మనుషులు బతికారు. ఆ గర్వం నాకు తలకెక్కింది. ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గేస్తోంది.

ముప్పై ఒకటో నంబరు కాగితం పోయిన వానాకాలంలో వచ్చింది. మెడ ఎత్తు మామూలు కంటే అంగుళమున్నర ఎక్కువ. కుడి భుజం ఎడమ భుజం కంటే ముప్పావు అంగుళం దిగువ. మూడో కొలత చదవాల్సిన పని లేకపోయింది.

మా అక్క కొడుకు. తొమ్మిదో ఏట గోడ దూకబోయి పడితే కుడి భుజం ఎముక విరిగి కొంచెం కిందికి అతుక్కుంది. మెడ మాత్రం పుట్టుకతోనే పొడుగు. బడిలో పెట్టిన పేరు కొంగ, ఇంట్లోనూ అదే స్థిరపడిపోయింది. వాడి మొదటి చొక్కా నుంచి కాలేజీ చొక్కాల దాకా అన్నీ నేనే కుట్టాను. పై గుండీ పెట్టుకుని ఇంట్లోంచి బయలుదేరేవాడు, వీధి మలుపు తిరిగేసరికి విప్పేసేవాడు. "మెడ పట్టేస్తోంది పిన్నీ" అనేవాడు. ఒకసారి నాకు కోపమొచ్చి, విప్పడానికి వీల్లేకుండా గుండీని కాజాకి కలిపి కుట్టేశాను. సాయంత్రానికి దాన్ని తెంపుకుని, జేబులో వేసుకొచ్చి నా చేతిలో పెట్టాడు.

ఆ పిల్లాడు పెద్దయ్యాక ప్రభుత్వ స్టోర్సులో గుమాస్తానని తల్లికి చెప్పాడు. మేకులు లెక్కపెట్టే ఉద్యోగం అన్నాడు. నాకూ అదే చెప్పాడు, నేనూ నమ్మాను. కాగితం పట్టుకుని స్టూలు మీద కూర్చున్నాను. ఆదివారం వచ్చిందంటే ఒకే బల్ల దగ్గర కూర్చుని, గుడారాలని నేను, మేకులని వాడు, ఆ పిచ్చితల్లిని ఇద్దరం కలిసి మోసం చేస్తున్నామన్నమాట.

కాగితం మేస్త్రికి ఇచ్చేయాలి. లేచాను కూడా. రెండడుగులు వేసి ఆగిపోయాను. ఇచ్చేస్తే పక్క మిషను మీది అమ్మాయికి వెళుతుంది. పిల్ల మంచిదే, కానీ కుట్టు మధ్యలో ఆవలిస్తుంది. వాడి మెడ తీసుకెళ్ళి దాని చేతిలో పెడతానా అనుకున్నాను. నాకు పిల్లల్లేరు. ఉన్నది వాడే.

డ్రాయింగు ప్రకారం కాలరుకి ఎనిమిది పొరలు. హెల్మెట్ అంచు దాకా నిలబడి గొంతును కాపాడేది ఆ కాలరే. వాడిది పొడుగు మెడ, కాపాడాల్సిన చోటు ఎక్కువ, ఎనిమిది సరిపోతాయా అని నా మనసు పీకుతూనే ఉంది. ఛాతీ, చేతులు, తొడలు అన్నీ గీత తప్పకుండా కుట్టినదాన్ని, కాలరు దగ్గరికొచ్చేసరికి తొమ్మిదో పొర వేశాను. మేస్త్రి టీకి వెళ్ళిన పావుగంటలో మూసి కుట్టేశాను. పంపే ముందు ప్రతిదీ తూకం వేస్తారు. పావు కిలో అటూ ఇటూ అయితే ఒప్పుకుంటారు, నా పొర అందులో సగం కూడా తూగదు. కాలరు ఎంత వంగుతుందో మాత్రం ఎవరూ చూడరు. ఎనిమిది పొరలకు ఎంత వంగుతుందో ఏనాడో పరీక్షించి తేల్చేశారు. తొమ్మిది వేసే మొనగత్తె ఒకతి ఉంటుందని ఎవరనుకుంటారు? ఆ పూట ఇంటికి వెళ్ళి కడుపునిండా తిన్నాను. హాయిగా నిద్రపట్టింది.

నెలన్నర తర్వాత ఒక ఆదివారం వాడు అక్క ఇంటికి వచ్చాడు. కిటికీ దగ్గర కూర్చుని నేల మీదికి వంగి చెప్పుల పట్టీ సరిచేసుకుంటుంటే చూశాను. మెడ వెనక, జుట్టు అంచు కింద, ఎర్రగా ఒరుసుకుపోయిన చార. అక్క లోపలి గదిలో దుప్పట్లు మడత పెడుతోంది.

"మెడ మీద ఏంట్రా కొంగా అది?" అన్నాను.

"ఇదా? ఆఫీసులో కొత్త కుర్చీలు వేశారు పిన్నీ. గీసుకుంటోంది."

"కుర్చీ మెడ దాకా వస్తుందా?"

"గవర్నమెంటు కుర్చీ కదా, పట్టుకుంటే మెడ వదలదు," అని నవ్వాడు. "కొత్తలో అంతేనట. వాడగా వాడగా మెత్తబడుతుందంటున్నారు."

నాకు అర్థమైంది. అప్పుడే నోరు విప్పాల్సింది. ఒరేయ్, అది నేను కుట్టిన కాలరు, వెనక్కి పంపించు, సరిచేసి ఇస్తాను, అంటే సరిపోయేది. కానీ అంటే వాడి గుట్టు, నా గుట్టు, మేస్త్రి దగ్గర నేను చేసిన తప్పు, మూడూ ఒక్కసారే బయటపడతాయి. "మెత్తబడుతుందిలే, ఏదైనా మందు రాయి," అన్నాను. ఊళ్ళో అందరి తప్పులూ ఏకరువు పెట్టే నోరు సరిగ్గా ఆ రోజే మూతపడింది. పాపిష్టి నోరు.

ఇరవై రెండు రోజులకు వాడు చనిపోయాడు.

ఆఫీసు నుంచి ఇద్దరు మనుషులు వచ్చి అక్కకు చెప్పారు. కొడుకు మేకులు లెక్కపెడుతున్నాడనుకుంటున్న మనిషి. "మీరు ఇల్లు తప్పి వచ్చినట్టున్నారు బాబూ, మావాడు గుమాస్తా," అని చెప్పి, వాళ్ళకి పక్కవీధికి దారి కూడా చూపించిందట. వాళ్ళు వాడి గుర్తింపు కార్డు తీసి చేతిలో పెట్టాక గుమ్మంలోనే కూర్చుండిపోయింది. ఎలా జరిగిందని అడిగితే, మెడకు వేసుకోవాల్సింది తీసేశాడమ్మా, కొంచెం అజాగ్రత్త, అన్నారట.

ఆ ఒక్క మాట అక్క గుండెలో ముల్లులా దిగింది. వచ్చినవాళ్ళందరికీ అదే చెప్పేది. "వాడు అజాగ్రత్త మనిషి కాదు. గ్యాసు కట్టేశానా అని రెండుసార్లు లేచి చూసేవాడు. వాడు అజాగ్రత్తగా ఎందుకుంటాడు?" నా చెయ్యి పట్టుకుని, "నువ్వైనా చెప్పవే," అనేది. నేను తల ఊపేదాన్ని.

మూడో వారంలో పనికి వెళ్ళేసరికి నా బల్ల మీద బూడిదరంగు పెట్టె ఉంది. మీద ముప్పై ఒకటి అని నంబరు. వాడు నాకేమవుతాడో మేస్త్రికి తెలియదు. "మనిషి దక్కలేదట. నువ్వే విప్పాలి కదమ్మా," అని, కుట్లు ఊడదీసే కొక్కెం నా పక్కన పెట్టి వెళ్ళిపోయాడు.

ఛాతీ ఆగింది. పొట్ట దగ్గర పై ఆరు పొరలు కాలాయి, లోపలివి ఆగాయి. తొడలు ఆగాయి. నా కుట్టు ఒక్కటీ తెగలేదు. కాలరు విడిగా ఒక సంచిలో, పెట్టె అడుగున ఉంది. తీసి చూశాను. దుమ్ము తప్ప దానికేమీ కాలేదు. కాలిన మచ్చ లేదు, ఇనుప ముక్క తగిలిన గుర్తు లేదు. లోపలివైపు వాడి చెమట చార మాత్రం తెల్లగా కట్టుకుపోయి ఉంది.

పెట్టెతో వచ్చిన కాగితం చదివాను. దూరం నుంచి వాడితో వైర్‌లెస్ సెట్లో మాట్లాడిన జతగాడు చెప్పింది అందులో రాశారు. బాంబు అడుగున ఉన్న తీగ చూడటానికి వాడు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. మెడ వంగట్లేదని రెండుసార్లు అన్నాడు. తర్వాత కాలరు విప్పి వెనకున్న గోడ చాటుకి విసిరేశాడు. నాలుగు నిమిషాలకు పేలింది. మిగతా వాళ్ళ కాలర్లన్నీ సరిగ్గానే వంగుతున్నాయి కాబట్టి కాలరులో లోపం లేదని, మరణానికి కారణం సొంత అజాగ్రత్త అని కింద తేల్చారు. ఇక నా సంతకం ఒక్కటే తక్కువ.

అల్మారాలోంచి ఎనిమిది పొరల కాలరు ఒకటి తెచ్చి రెండు చేతులతో వంచాను. గడ్డం ఛాతీకి ఆనేంత వంగింది. వాడిది వంచాను. సగంలో ఆగిపోయింది. ఎంత నొక్కినా సగమే. అప్పుడు కొక్కెం తీసుకుని, మేస్త్రి టీకి వెళ్ళిన పావుగంటలో వేసిన ఆ కుట్టు విప్పాను. పొరలు ఒక్కోటీ బల్ల మీద పరిచాను. తొమ్మిది.

నిజం చెప్పాలంటే తొమ్మిదోదాన్ని మడిచి గుప్పిట్లో పెట్టుకున్నాను. కాళ్ళ దగ్గరే ముక్కలు పారేసే తొట్టి ఉంది. అందులో అలాంటి పసుపుపచ్చ ముక్కలు బోలెడున్నాయి. ఎవరూ చూడటం లేదు. మళ్ళీ అక్క మాట గుర్తొచ్చింది, నువ్వైనా చెప్పవే అని. గుప్పిలి తెరిచాను.

పెద్ద ఇంజనీరు వచ్చేసరికి సాయంత్రం కావస్తోంది. నెమ్మదైన మనిషి, ఆ కాలరు డ్రాయింగు గీసింది ఆయనే.

"కాలరుకి ఏమీ కాలేదుగా అమ్మా? ఆ ఒక్క ముక్క రాసి సంతకం పెట్టెయ్యండి," అన్నాడు.

"పొరలు లెక్కపెట్టండి సార్."

లెక్కపెట్టాడు. కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ లెక్కపెట్టాడు. "నేనిచ్చింది ఎనిమిది కదా," అన్నాడు.

"మీరిచ్చింది ఎనిమిదే. ఇది నేను వేశాను."

"ఎందుకు?"

"మా అక్క కొడుకు సార్. కొలతలు చూసి పోల్చుకున్నాను. కాగితం తిరిగి ఇవ్వలేదు."

ఆయన పక్క మిషను దగ్గరున్న స్టూలు లాక్కుని కూర్చున్నాడు. తొమ్మిదో పొరను వేలితో విడిగా జరిపాడు. "ఇది రాస్తే మీరింక ఈ షెడ్డులో కుట్టలేరు," అన్నాడు.

"తెలుసు సార్. అజాగ్రత్త అన్న మాట మాత్రం కొట్టేయించండి."

ఎనిమిది పొరలు ఉండాల్సిన చోట తొమ్మిది వేశాను, అందువల్ల కాలరు వంగలేదు, వేసుకున్న మనిషి తప్పు లేదు, అని రాసి సంతకం పెట్టాను. మేస్త్రి అంతా విన్నాడు. తిడతాడనుకున్నాను. నా కత్తెర తీసుకుని గుడ్డలో చుట్టి లోపల పెట్టాడు, అంతే. ఆ రోజు నన్ను గేటు దాకా దిగబెట్టింది పక్క మిషను అమ్మాయి.

తిన్నగా అక్క ఇంటికి వెళ్ళాను. ఆవిడ గిన్నెలు కడుగుతోంది. పక్కన నిలబడి, గుడారాలు కాదక్కా అని మొదలుపెట్టి అంతా చెప్పాను. కొలతల కాగితం, తొమ్మిదో పొర, ఆ ఆదివారం వాడి మెడ మీద చూసిన చార, ఏదీ దాచలేదు. గేటు దాటాక నోటికి రాకూడని సంగతులన్నీ వచ్చాయి. ఆవిడ గ్లాసు కడగడం ఆపలేదు.

"అయితే వాడు అజాగ్రత్తగా లేడు," అంది.

"లేడక్కా."

"కాగితంలో అలాగే రాశావా?"

"రాశాను."

"రాయకపోతే నాకు తెలిసేదా?"

"తెలిసేది కాదు."

గ్లాసు బోర్లించింది. ఇంకోటి తీసుకుంది. "మంచిపని చేశావు," అంది. నాకు ఏడుపు ఆగలేదు. ఆవిడ ఓదార్చలేదు, నేనూ ఆశించలేదు. కొళాయి కట్టేసి చేతులు తుడుచుకుంది.

"బడికి వెళ్ళేటప్పుడు వాడి గుండీ కుట్టేశావు ఒకసారి. తెంపుకొచ్చాడు. గుర్తుందా?"

"గుర్తుంది."

"మెడ దగ్గర బిగిస్తే వాడు ఉంచుకోడని నీకు తెలుసు కదే," అంది.

గట్టిగా అనలేదు. అరిచి ఉంటే నేనూ ఏదో ఒకటి అరిచేదాన్నేమో, అది నాకు అలవాటే. తెలుసక్కా, అన్నాను.