ప్రధాన రచయిత

నవోమి చింతచిగురును రెండు అరచేతుల మధ్య వేసి నలుపుతుంటే ప్రకాశం వంటింట్లోకి వచ్చి స్టవ్ పక్కన గట్టు మీద నాలుగు కాగితాలు పెట్టాడు.

"జర వీటి మీద సంతకం పెట్టు. చేతులు కడుక్కొని పెట్టు, మరకలైతయి."

నవోమి చేతులు కడుక్కుని నైటీకి తుడుచుకుని పై కాగితం చదివింది. నర్సాపూర్ అడవిలోని ఔషధ మొక్కల మీద వచ్చిన ఫలానా పరిశోధన పత్రానికి ప్రధాన రచయిత డాక్టర్ ప్రకాశం అనీ, అందులో తన పాత్ర సహాయకంగా మాత్రమే ఉందనీ ధ్రువీకరిస్తున్నాను అని ఉంది. కింద ఒక గీత, గీత కింద తన పేరు టైపు చేసి ఉంది. డాక్టర్ నవోమి, అసోసియేట్ ప్రొఫెసర్, వృక్షశాస్త్రం. మిగతా మూడు కాగితాలూ అంతే. పత్రం పేరు ఒక్కటే వేరు.

"గివి దేనికి?"

"ప్రొఫెసర్ అప్లికేషన్‌కు. ఒక పేపర్ల ముగ్గురు నలుగురి పేర్లుంటే మెయిన్ ఆథర్‌కే ఎక్కువ స్కోరొస్తది, మిగిలినోళ్లు రాసియ్యాలె. నీకు తెల్వదా ఏంది, కొత్తగ అడుగుతున్నవ్."

తెలుసు. తెలియక అడగలేదు. కోపం రావాలి కదా అని తన లోపలికి తానే ఒకసారి చూసుకుంది. ఏమీ లేదు. పప్పు ఉడికింది, చిగురు వేయకపోతే వాడిపోతుంది అన్న ఆలోచన మాత్రం వచ్చింది.

"వంటయినంక పెడత."

"సోమారం లోపల అయితే చాలు. ఫైల్ గూడ నువ్వే సర్దు. నీకు అలవాటే గద."

అలవాటే. మెదక్‌లోని ఈ పీజీ సెంటర్లో భార్యాభర్తలిద్దరూ ఒకే సబ్జెక్టు చెబుతారు. ఉద్యోగంలో నవోమి అతనికన్నా పదకొండు నెలలు ముందు చేరింది. ప్రకాశం కిందటిసారి ప్రమోషన్‌కు పెట్టుకున్నప్పుడు కూడా ఫైలు సర్దింది ఆమే. ప్రొఫెసర్ కావాలంటే ఏమేం ఉండాలో నిద్రలో లేపి అడిగినా చెప్పగలదు. అసోసియేట్‌గా మూడేళ్లు చేసి ఉండాలి. గుర్తింపు ఉన్న పత్రికల్లో పది పరిశోధన పత్రాలుండాలి. స్కోరు నూట పది దాటాలి. కనీసం ఒక్క విద్యార్థికైనా గైడ్‌గా ఉండి పీహెచ్‌డీ పట్టా ఇప్పించిన రుజువు ఉండాలి. కమిటీల్లో చేసిన పనికి వేరే పేజీ ఉంటుంది. ఆ పేజీలో తన పేరు ఎక్కడ చూసినా ఆతిథ్య కమిటీలోనే ఉంటుంది. బయటి నుంచి ఎవరు వచ్చినా హెడ్ సాల్మన్ రాజు సార్ ఆమె గది గుమ్మం దగ్గర నిలబడి, "మేడం, భోజనాల సంగతి మీరు చూస్తే మాకు పరేషానుండది" అంటాడు. సెమినార్‌లో ఎవరు ఏం మాట్లాడారో ఆమె ఎప్పుడూ పూర్తిగా వినలేదు. ఎంతమందికి పెరుగు అందలేదో మాత్రం ఆమెకు తెలుస్తుంది.

ఆ నాలుగు పత్రాల కోసం మూడేళ్లు, సెలవు దొరికిన ప్రతి రోజూ పొద్దున్నే వంట ముగించి నర్సాపూర్ బస్సు ఎక్కింది. అడవి అంచు పల్లెలో ఆగమ్మ అనే ముసలావిడ ముందు నడిచేది. ఏ ఆకు పాలిచ్చే తల్లికి, ఏ వేరు తేలు కాటుకు, ఏది ముట్టుకోకూడదో చెబుతుంటే నవోమి రాసుకునేది. నూట ముప్పై ఎనిమిది మొక్కలు. ప్రకాశం రెండుసార్లు వచ్చాడు, కెమెరా పట్టుకుని. పత్రం పంపే ముందు ఆగమ్మ పేరు చూసి, "జర్నల్ల గిట్ల పేరు పెడితే మంచిగుండదు, స్థానిక మహిళ అని రాయి" అన్నాడు. నవోమి ఆ పేరు కొట్టేసింది. తన చేత్తోనే కొట్టేసింది. అప్పుడూ ఏమీ అనిపించలేదు. పత్రాల మీద మొదటి పేరుగా ప్రకాశం పేరు పెట్టినప్పుడూ అంతే. "ఇంట్ల ఎవరి పేరుంటే ఏంది" అన్నాడు. నిజమే కదా అనుకుంది. ఇల్లు ఒకటే, బియ్యం డబ్బా ఒకటే.

భోజనాలయ్యాక ముందు గదిలో బల్ల మీద ఫైలు పరిచింది. పక్కన సోఫాలో అత్తమ్మ కరుణమ్మ టీవీ చూస్తోంది. ఆరేళ్ల కింద ఆమెకు పక్షవాతం వచ్చింది. ఎడమ వైపు పడిపోయింది. ఇప్పుడు నాలుగు కాళ్ల కర్ర పట్టుకుని బాత్రూం దాకా నడుస్తుంది. ఆ నడక తిరిగి రావడానికి రెండేళ్లు పట్టింది. ఆ రెండేళ్లూ నవోమి జీతం లేని సెలవు పెట్టింది. అప్పటికి ఆమె దగ్గర అంకిత అనే అమ్మాయి పీహెచ్‌డీ చేస్తోంది. సగం పైన అయింది. గైడ్ ఏడాది పైగా సెలవులో ఉంటే విద్యార్థిని ఇంకొకరికి అప్పగించాలన్నారు. ప్రకాశానికి అప్పగించారు. తనను సహ గైడ్‌గా ఉంచుతారేమో కనుక్కోమని ఆమె అడిగితే, కనుక్కుని వచ్చి, "రూల్ ఒప్పుకోదంట" అన్నాడు. అంకిత అధ్యాయాలు మాత్రం నవోమి మెయిల్‌కే వస్తూ ఉండేవి. అత్తమ్మను కూర్చోబెట్టి, తుడిచి, తినిపించి, ఆమె కునుకు తీసే గంటలో దిద్ది పంపేది. వైవా రోజున హైదరాబాద్ నుంచి వచ్చిన పరీక్షకులకు ఇంటి నుంచి కోడికూర క్యారియర్ వెళ్లింది. అది చాలా బాగుందన్నారని ప్రకాశం వచ్చి చెప్పాడు.

గైడ్ చేసిన రుజువుల కవరు విప్పి కాగితాలు తేదీ వారీగా పెడుతుంటే ఆ ఉత్తరం చేతికి వచ్చింది. రిసెర్చ్ సెక్షన్ నుంచి ప్రకాశానికి రాసింది. పాత గైడ్ డాక్టర్ నవోమిని సహ గైడ్‌గా కొనసాగించే వీలుంది, మీ అభిప్రాయం తెలపగలరు అని ఉంది. దాని వెనకే అతను పంపిన జవాబు జిరాక్స్. అతని చేతిరాతే. "పాత గైడ్ ఇంటి బాధ్యతల కారణంగా పరిశోధనకు అందుబాటులో లేరు. సహ గైడ్ అవసరం లేదు."

తేదీ చూసింది. ఫిబ్రవరి పంతొమ్మిది. ఆ నెలంతా అత్తమ్మను ఫిజియోథెరపీకి రోజూ దవాఖానకు తీసుకెళ్లేది. అక్కడి బెంచీ మీదే కూర్చుని తను అంకిత రాసిన మూడో అధ్యాయం దిద్దింది.

అతను దాచలేదు కూడా. దాచాల్సిన కాగితమని అతనికి తోచలేదు. ఫైలు సర్దేది ఆమే అని తెలిసి కూడా కవర్లో అలాగే ఉంచాడు. కాసేపటికి ఆమెకు అర్థమైంది, తను చదువుతుందని అతను అనుకోనే లేదు. సర్దుతుందని మాత్రమే అనుకున్నాడు. నవోమి ఆ రెండు కాగితాలనూ తేదీ ప్రకారం ఎక్కడ ఉండాలో అక్కడే పెట్టింది. నాలుగింటికి లేచి చాయ్ పెట్టింది. అతని కప్పులో చక్కెర తక్కువ, అత్తమ్మ కప్పులో అసలు వద్దు. ఏదీ మర్చిపోలేదు.

ఆదివారం ఆరాధన ముగిశాక చర్చి ఆవరణలో ఇద్దరు ముగ్గురు ఆడవాళ్లు చుట్టూ చేరారు. "మీ సార్ ప్రొఫెసర్ అయితుండంట గద, మిఠాయెప్పుడు పెడ్తవు?" అని నవ్వారు. తనూ నవ్వింది. ముఖం తన పని తాను చేసుకుపోయింది.

ఇంటికి వచ్చాక అత్తమ్మను ముందు కూర్చోబెట్టుకుని తల దువ్వుతోంది. ప్రకాశం బయటికి వెళ్లాడు. జుట్టు పలచబడి దువ్వెనకు నెత్తి తగులుతోంది. ఉన్నట్టుండి అడిగింది.

"అత్తమ్మా, మీకు చాతగానప్పుడు నేను నౌకరి ఇడిసిపెట్టి రెండేండ్లు ఇంట్లెందుకున్న?"

కరుణమ్మ మాట ఇప్పటికీ కొంచెం ముద్దగా వస్తుంది. "గదేందే అట్లడుగుతవ్? నువ్వే ఉంటనన్నవంట గద. నర్సును పెడ్తనంటే వద్దన్నవంట. మస్తు చెప్పినా డ్యూటీకి పోతలేదమ్మా అని ప్రకాశమే చెప్పిండు." ఆగి, మళ్లీ అంది. "నేను గప్పుడనుకున్న, పిల్లకు సదువు మీద మనసిరిగిందేమో అని."

దువ్వెన ఆగింది. నర్సును పెడదామన్నది నవోమి. "బయటిదాన్ని పెడితే చర్చిల నలుగురేమనుకుంటరు" అన్నది ప్రకాశం. ఈ మాట ఇప్పుడు అత్తమ్మకు చెప్పడం వల్ల ఏమొస్తుందో ఆమెకు తెలియలేదు. జడ అల్లి రబ్బరు బ్యాండు వేసింది.

"ఇరగలే అత్తమ్మా" అంది.

కరుణమ్మ మెడ తిప్పి కోడలి ముఖం చాలాసేపు చూసింది.

మధ్యాహ్నం అంకితకు ఫోన్ చేసింది. అంకిత ఇప్పుడు తూప్రాన్‌లో డిగ్రీ కాలేజీలో చెబుతోంది. నవోమి చెప్పాల్సింది రెండు వాక్యాల్లో చెప్పేసింది. తన అప్లికేషన్ తను పెట్టుకుంటున్నాననీ, థీసిస్‌కు ఎవరు గైడ్ చేశారో ఉన్నది ఉన్నట్టు రాసిస్తుందా అనీ.

"మేడం, ఎన్నేండ్ల సంది చూస్తున్ననో, మీరెప్పుడడుగుతరా అని. మెయిల్సన్నీ ఉన్నయి. మీరు దిద్దిన ఒక్క పేజీ గూడ తీసెయ్యలే. నేను రాసిస్త."

"సార్ ఏమన్న అనుకుంటే నీకు ఇబ్బంది గాదా?"

"ఇబ్బందైతే అయితది మేడం. పట్టా ఎట్లనో వచ్చింది, దాన్నెవ్వరు గుంజుకుంటరు?"

ఆ సాయంత్రం నవోమి తన ఫారం నింపింది. సెలవు పోగా కూడా కావాల్సిన సర్వీసు నిండి నాలుగేళ్లయింది. "ఇద్దరం ఒక్కసారి పెడితే మంచిగుండదు, నాదయినంక నీది సూద్దాం" అని ప్రకాశం అన్నందుకు ఆగింది. పత్రాలు పద్నాలుగు వచ్చాయి. స్కోరు నూట డెబ్భై దాటింది. రెండోసారి కూడి చూసింది. అంతే వచ్చింది. తర్వాత ఆ నాలుగు కాగితాలు తీసి, టైపు చేసిన వాక్యాన్ని ఒక్కొక్కదాని మీదా ఒకే గీతతో కొట్టేసి కింద రాసింది. "మొక్కల సేకరణ, గుర్తింపు, విశ్లేషణ, రచన నావి. ఛాయాచిత్రాలు డాక్టర్ ప్రకాశం గారివి." సంతకం పెట్టి తేదీ వేసింది. రాత్రి అంకిత పంపిన లేఖనూ, తను దిద్దిన పేజీల మెయిళ్లనూ ప్రింటు తీసి తన ఫైలులో పెట్టింది.

సోమవారం పదకొండింటికి సాల్మన్ రాజు సార్ బల్ల మీద రెండు ఫైళ్లు పెట్టింది. ఆయన పైదాని మీద పేరు చూసి కళ్లద్దాలు సర్దుకున్నాడు.

"ఇదేంది మేడం, ఇద్దరు ఒక్కసారేనా? సార్‌తోని మాట్లాడిండ్రా?"

"భర్త అనుమతి అని ఫారంల కాలమ్ లేదు సార్."

ఆయన నవ్వబోయి, ఆమె నవ్వకపోవడం చూసి మానేశాడు. ప్రకాశం ఫైలు తిరగేస్తూ ఆ నాలుగు కాగితాల దగ్గర ఆగాడు.

"మేడం, గిట్ల రాస్తే సార్‌కు స్కోరు తక్కువ పడ్తది."

"ఎంత పడ్తదో ఆఖరి పేజీల కూడి పెట్టిన సార్. సరిగనే ఉన్నదో లేదో మీరొక్కసారి చూడుండ్రి."

ఆయన చూడలేదు. "గురువారం బయటోళ్లు వస్తున్నరు, భోజనాలు…" అని ఏదో అనబోయాడు.

"ఈసారి ఎవరికన్న చెప్పుండ్రి సార్. నాకు క్లాసున్నది."

రెండు ఫైళ్ల మీదా ఫార్వర్డ్ చేసినట్టు సంతకం పెట్టించుకుని, ఇన్‌వర్డ్ నంబర్లు వేయించుకుని బయటికి వచ్చాక నవోమికి బాగా ఆకలి వేసింది. పొద్దున తిన్నదో లేదో గుర్తులేదు. చాలా రోజుల తర్వాత ఒంట్లో ఒకటి స్పష్టంగా తెలిసింది. క్యాంటీన్‌లో కూర్చుని ప్లేటు ఇడ్లీ తిని, ఇంకో ప్లేటు తెప్పించుకుంది.

అయిదున్నరకు ప్రకాశం ఇంటికి వచ్చాడు. బ్యాగు కింద పెట్టకుండానే మొదలుపెట్టాడు.

"సాల్మన్ రాజు సార్ ఫోన్ చేసిండు. రెండు ఫైళ్లంటుండు. ఏంది కథ?"

"ఒకటి మీది, ఒకటి నాది."

"పెడ్తున్నవని నాకొక్క మాట చెప్పొద్దా?"

"సహ గైడ్ అవసరం లేదని రాసిననాడు మీరు నాకు చెప్పిండ్రా?"

అతను నిలబడిపోయాడు. ఏ కాగితమో గుర్తు తెచ్చుకుంటున్నట్టు కళ్లు చిట్లించాడు. గుర్తొచ్చింది. ముఖం చూస్తే తెలిసింది.

"అది… గప్పటి పరిస్థితి వేరు నవోమీ. అమ్మకు…"

సోఫాలో కరుణమ్మ రిమోట్ తీసుకుని టీవీ ఆపేసింది. "నా పేరెత్తకురా" అంది.

అతను కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. గొంతు తగ్గించి, ఆమె తప్పకుండా సరిచేస్తుందన్న నమ్మకంతో అడిగాడు.

"మరి నా నాలుగు పేపర్ల సంగతేంది?"

నవోమి అతని వైపు చూసింది. మాటలు వెతుక్కోవాల్సిన పని లేకపోయింది.

"మీరు చేసిన పని మీ ఫైల్ల పెట్టిన, నేను చేసింది నా ఫైల్ల పెట్టిన" అంది. "మీ ఫైలు జర పల్చగైంది."