ఖాళీ మలుపులో ఆగే కార్లు

దేవీ, ఆ ఫోను పక్కన పెట్టి ఇలా నా దగ్గరకు జరిగి కూర్చో. గట్టిగా చెప్పే సంగతి కాదు. మీ తాతయ్య వరండాలో తిరుగుతున్నారు, ఆయన చెవిన పడకూడదు.

నువ్వు హాస్టల్లో ఉన్నప్పుడు జరిగింది. మీ వీరేంద్ర మావయ్య విశాఖపట్నంలో కారు పందేల ఆట తయారుచేసే చిన్న కంపెనీలో చేరాడు. మిగతావాళ్ళు ఎక్కడెక్కడివో రోడ్లు గీస్తుంటే వీడు మన రోడ్డు గీస్తానన్నాడు. నర్సీపట్నం దాటాక కొండమీద చింతపల్లికి ఎక్కే ఘాటీ, మీ తాతయ్య ఉద్యోగమంతా బస్సు నడిపిన రోడ్డు. అది ఆటలోకి ఎక్కితే ఉద్యోగం ఖాయం, ఎక్కకపోతే ఇంటికి పొమ్మన్నారు.

ఆ ఆటలో మనం నడిపేది ఒక్క కారేనట. మనతో పోటీకి వచ్చేవన్నీ కంప్యూటరే నడుపుతుంది. ముందు ఒక మనిషి నడిపి చూపిస్తే అచ్చం అలాగే నేర్చుకుంటుందట. వీడు బొమ్మ స్టీరింగు, కాళ్ళ కింద పెట్టుకునే పెడళ్ళు తెచ్చి టీవీ ముందు తాతయ్యను కూర్చోబెట్టాడు.

"ఈ రోడ్డు నీకంటే బాగా ఎవుడికి తెలుసు నాన్నా? నడుపు," అన్నాడు.

ఆయన లుంగీ సర్దుకుని, కళ్ళజోడు తుడుచుకుని కూర్చున్నారు. అప్పటికి చెట్లు సగమే గీశాడు. కొండలు బూడిద రంగులో ఉన్నాయి. పైకి కొంత దూరం పోయాక అసలు రోడ్డే లేదు. అయినా మలుపు వచ్చినప్పుడల్లా ఆయన ఒళ్ళంతా పక్కకు వాలిపోయేది.

"మెల్లగండీ, కుర్చీ ఇరిగిపోద్ది," అని నేను నవ్వాను.

ఆయన నడిపిందంతా కంప్యూటర్లోకి ఎక్కించుకుని మావయ్య సంబరంగా పట్టుకెళ్ళాడు. వారం తిరక్కుండానే ఫోను.

"అమ్మా, నాన్న ఏటి సేసేడు? కంప్యూటరు కార్లన్నీ ఘాటీ మొదట్లో ఆగిపోతన్నాయి. కాసేపాగి మళ్ళీ బయల్దేరతన్నాయి. పందెంలో కార్లాగితే అదేటి పందెం? ఆఫీసంతా నవ్వుతన్నారు."

నాకు వెంటనే తెలిసిపోయింది. ఘాటీ ఎక్కేముందు మలుపులో అమ్మవారి గుడి ఉంది కదా, అక్కడ ఆగకుండా ఏ డ్రైవరూ బండిని పైకెక్కించడు. కండక్టరు దిగి బొట్టు తెచ్చి అద్దానికి పెట్టాలి, డ్రైవరు చేతులు జోడించాలి, ఆ తర్వాతే గేరు. టీవీ ముందు కూడా ఈయన ప్రతిసారీ ఆ మలుపులో ఆపి, స్టీరింగు వదిలి దణ్ణం పెట్టారు. మావయ్య అది గమనించలేదు, వాడి కళ్ళన్నీ రోడ్డు మీదే.

నేను సంగతి చెప్పేసరికి పరుగున వచ్చి తండ్రి ముందు కూర్చున్నాడు.

"అక్కడ గుడి గీయనేదు నాన్నా. ఖాళీ మలుపు. ఒక్కసారి ఆపకుండా ఎల్లిపో."

"గుడి నువ్వు గీయనేదు. అమ్మోరు నేదని ఎవుడు సెప్పేడు?"

"అది బొమ్మ కారు నాన్నా!"

"బొమ్మదయితే నన్నెందుకు నడపమన్నావు?"

ఇక నేనే మధ్యలో పడ్డాను. "గుంటడి ఉద్యోగమండీ. మనసులో దణ్ణమెట్టుకుని ఎల్లిపోండి," అన్నాను.

సరేనని కూర్చున్నారు. మలుపు దాటారు కూడా. కానీ ధ్యాసంతా వెనక వదిలొచ్చిన మలుపు మీదే. పై మలుపులో కారు కొండకు గుద్దుకుంది. మళ్ళీ మొదలుపెడితే కాలు దానంతటదే బ్రేకు మీదకు వెళ్ళిపోయింది.

"నా కాలు నా మాట ఇనదురా," అన్నారు చిన్న గొంతుతో.

మావయ్య తానే నడపబోయాడు. చిన్నప్పుడు ఘాటీ బస్సెక్కితే కిటికీలోంచి తల బయటపెట్టి వాంతులు చేసుకున్నవాడు, వాడికి మలుపులేం తెలుస్తాయి? కారు లోయలో పడింది, మళ్ళీ పడింది. ఈలోగా కంపెనీ ఇచ్చిన గడువు దాటిపోయింది.

కంపెనీవాళ్ళు ఆ రోడ్డు వద్దన్నారు. పీకేస్తే మిగతా ఆట చెడుతుందని లోపలే ఉంచి, ఆడేవాళ్ళకు కనబడకుండా దాచేశారట. మావయ్య పాయకరావుపేటలో కంప్యూటర్లు బాగుచేసే కొట్టులో చేరాడు. ఆదివారాలు ఇంటికొచ్చినా తండ్రితో మాటల్లేవు.

అప్పటినుంచి ఈయనకు కుదురు పోయింది. అన్నం మధ్యలో లేచి వరండాలోకి వెళ్ళేవారు. ఊరికే బస్సుల కాంప్లెక్సుకు పోయి, చింతపల్లి బస్సు కదిలేదాకా నిలబడి వచ్చేవారు.

"నా మూలాన్నే ఆడి ఉద్యోగం పోనాది," అనేవారు. మళ్ళీ తనే, "ఆపకుండా ఎల్లిపోతే మాత్రం నాకు నిద్దరట్టుద్దేటి?" అనేవారు.

మొన్న మావయ్య చెప్పకుండా ఊడిపడ్డాడు. ఎవరో ఆ ఆట లోపల తవ్వి, బయటపెట్టకుండా వదిలేసిన రోడ్లన్నీ వీడియో తీసి ఇంటర్నెట్లో పెట్టారట. అందులో మనదీ ఉంది. మనుషుల్లేని కార్లు దూసుకుంటూ వచ్చి, ఏమీ లేని మలుపులో ఒక్కొక్కటే ఆగి, కాసేపుండి కదులుతున్నాయి. కింద జనం ఏవేవో రాశారు. పాడైందని ఒకడు, దెయ్యముందని ఒకడు, గీసినవాడికి పని రాదని ఇంకొకడు.

మావయ్య ఫోను తండ్రి చేతిలో పెట్టి, "సూడు నాన్నా," అన్నాడు.

ఆయన కళ్ళకు దగ్గరగా పెట్టుకున్నారు. "అన్నీ ఆగేయేట్రా?"

"అన్నీ."

"ఎనకబడిపోయిన ఆ ఎర్రకారు? ఆగితే ఓడిపోద్ది కదా?"

"అదీ ఆగింది, సూడు."

"ఆడు మంచి డ్రైవరు," అన్నారు.

మావయ్యకు నవ్వాగలేదు. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుని, తండ్రి పక్కన మంచం మీద కూర్చున్నాడు. "ఎందుకాగేయో ఆళ్ళకి సెప్పరాదేట్రా?" అని నేనడిగితే, "నాన్నని కూడా ఎటకారం సేస్తారమ్మా, ఒద్దు," అన్నాడు.

కానీ ఈయన ఆ వీడియో చివరిదాకా చూశారు. పైన రోడ్డు వెయ్యలేదు కదా, మరి ఆ బళ్ళు ఎక్కడికి పోతాయని మళ్ళీ వరండాలో తిరుగుడు మొదలైంది. మిగతా రోడ్డు వేస్తానని మావయ్య అనలేదు, వెయ్యమని ఈయన అడగలేదు.

నాకు చదువు రెండో తరగతి దాకే, ఆ ఫోన్లో రాయడం నాకు రాదు. నువ్వు గుర్తుపెట్టుకో తల్లీ. నీ హాస్టలు పిల్లలెవరైనా ఆ వీడియో చూసి నవ్వితే, అవి పాడైన కార్లు కావని, మీ తాతయ్య దగ్గర, తాతబ్బాయి అనే బస్సు డ్రైవరు దగ్గర, నడపడం నేర్చుకున్నాయని చెప్పు. వాళ్ళను ఇంకొకరికి చెప్పమను. ఆయన వింటుండగా మాత్రం వద్దు, పైన రోడ్డు సంగతి అడుగుతారు.