నానమ్మ ముక్కు

నానమ్మ జిస్సా ఆదివారం పోయింది. మనవరాలు హిండా ముక్కుకున్న కట్టు బుధవారం విప్పాలి. ఈ రెండూ ఒకే వారంలో వచ్చిపడతాయని ఎవరనుకున్నారు?

సోమవారం మట్టి చేసి వచ్చేసరికి ఇంట్లో అద్దాలన్నిటికీ గుడ్డలు కప్పేసి ఉన్నాయి. హాల్లో నిలువుటద్దానికి తెల్లదుప్పటి, స్నానాలగదిలో అద్దానికి పాత బల్లగుడ్డ. చావింట్లో ఏడు రోజులూ అద్దం చూసుకోకూడదు. బ్రూక్లిన్‌లో ఆ యూదుల వీధంతా పాటించేదే కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు. హిండాకి మాత్రం గుండె గుభేలుమంది. కొత్త ముఖం బయటపడే ఈ వారంలోనే చూసుకోవడానికి అద్దం లేకుండా పోయింది.

అసలు ఆ ముక్కు సంగతి చెప్పాలి. నడుమ చిన్న మిట్ట, కింద కొనదేరిన చివర, మనిషి కంటే ముందు గదిలోకి వచ్చేది. జిస్సా ఓడ దిగినప్పుడు తెచ్చుకున్న ఆస్తల్లా రెండు ఇత్తడి దీపపుసెమ్మెలూ ఆ ముక్కూ. సెమ్మెలు కోడలు గిట్ల్‌కి దక్కాయి, ముక్కు మనవరాలికి దక్కింది. ప్రతి శుక్రవారం సాయంత్రం దీపాలు పెట్టాక ముసలావిడ హిండా ముక్కుని రెండువేళ్ళతో పట్టుకుని, "ఇది నాదేనే, జాగ్రత్తగా వాడుకో," అనేది. చిన్నప్పుడు హిండా పకపకా నవ్వేది. పద్దెనిమిదేళ్ళొచ్చి ఆఫీసులో టైపు ఉద్యోగంలో చేరాక, ఆ వేళ్ళు దగ్గరికొస్తేనే ఒళ్ళు మండేది. ఫొటో తీస్తామంటే పక్కకి తిరిగేది కాదు. ట్రాములోనైనా బస్సులోనైనా కిటికీ వైపే ముఖం.

"ఆ ముక్కుతో నిన్నెవడు చేసుకుంటాడే?" అని తల్లి పోరుపెట్టింది. "పైవాటా ఫేగా కూతుర్ని చూడు. ఆపరేషనుతో ముక్కు సరిచేయించుకుంది, ఆర్నెల్లు తిరక్కుండా పళ్ళ డాక్టర్ని పట్టింది."

తండ్రి జెలిగ్‌కి నిజం చెప్పే ధైర్యం ఇద్దరికీ లేకపోయింది. కూతురి ముఖంలో తల్లిని చూసుకుని మురిసిపోయే మనిషాయన. అందుకని ముక్కులో ఎముక అడ్డొచ్చి ఊపిరాడటం లేదనీ, చిన్న ఆపరేషననీ చెప్పారు. జెలిగ్ బెంబేలెత్తిపోయాడు. "నా తల్లికి ఊపిరాడకపోవడమేంటి! రేపే తీసికెళ్ళు," అన్నాడు. ఆకారం మారుతుందని ఆయనకెవరూ చెప్పలేదు. అడగాలని ఆయనకీ తోచలేదు.

చివరి రోజుల్లో మంచం మీంచి నానమ్మ ఆ కట్టుకేసి చూసి, "ఎప్పుడు విప్పుతారే?" అంది.

"బుధవారం, నానమ్మా."

"అయితే బుధవారం దాకా ఉంటాలే," అంది. ఉండలేదు.

బుధవారం పొద్దున్న గిట్ల్ కూతుర్ని వంటింట్లోకి లాగి గొంతు తగ్గించి చెప్పింది. "అద్దం నియమం మీ నాన్నకే. కన్నబిడ్డలు పాటించేది, మనవరాళ్ళకి లేదు. డాక్టరు దగ్గర హాయిగా చూసుకుని రా."

తల్లి చెప్పింది నిజమే. అయినా నర్సు చేతికి అద్దం ఇస్తే, హిండా దాన్ని ఒళ్ళో బోర్లా పెట్టుకుంది.

"ఇంత చక్కగా చేస్తే చూసుకోవా?" అన్నాడు డాక్టరు, కాస్త చిన్నబుచ్చుకుని.

"ఇంట్లో చావండీ. చూడకూడదు."

ఆచారాన్ని అడ్డం పెట్టుకుందే గానీ, అది ఉత్త భయం. అద్దంలో ఎవరు కనిపిస్తారోనని. తిరిగొచ్చేటప్పుడు బస్సులో కిటికీ పక్క చోటు ఖాళీగా ఉన్నా, ఆ గాజులో ముఖం కనబడుతుందని నిలబడే వచ్చింది. ఒకసారి మెల్లిగా తడిమి చూసుకుంది. వాచి, నున్నగా, ఎవరిదో వస్తువులా తగిలింది. రెండు రంధ్రాలూ దిబ్బడేసి నోటితోనే గాలి పీల్చుకుంటోంది. నాన్నకి ఏం చెప్పాలి?

గుమ్మంలోనే ఫేగా ఎదురైంది, చేతిలో చావింటికని ఉడికించి తెచ్చిన కోడిగుడ్ల పళ్ళెంతో.

"అబ్బో! అచ్చం మా షర్లీ ముక్కేనే! ఒకే డాక్టరు చెయ్యి కదా, ఎక్కడికి పోతుందిలే. ఆ కళ్ళకింద నలుపు కూడా పోనీ, ఇంక చూడు పెళ్ళికొడుకులు వరస కడతారు!"

ఫేగాని తోసుకుంటూ గిట్ల్ వచ్చి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. కళ్ళలో నీళ్ళు. "ఎంత బావున్నావే నా బంగారం!"

"అమ్మా, నేను నాలాగే ఉన్నానా?"

"అంతకంటే బావున్నావు."

"నేనడిగింది అది కాదు."

గిట్ల్ చూపు పక్కకి తిప్పుకుంది. "నాన్న ఎదట ఇప్పుడే పడకు. ఆ నాలుగు రోజులూ గడవనీ."

నాలుగు రోజులు దాక్కోవడానికి ఆ ఇంట్లో ఉన్నవి రెండే గదులు. హిండా కోటు విప్పకుండా, తలగుడ్డ తియ్యకుండా తిన్నగా హాల్లోకి నడిచింది. పదిమంది దాకా గోడవారగా కూర్చున్నారు. జెలిగ్ చావింటి ఆచారం ప్రకారం పొట్టిపీట మీద, బూట్లు లేకుండా ఉత్త మేజోళ్ళతో, చించిన కోటు అంచు వేలాడుతూ తలవంచుకుని ఉన్నాడు. కళ్ళజోడు ఒళ్ళో ఉంది. ఆయనకెదురుగా కుర్చీ ఖాళీ అయితే అందులో కూర్చుంది. చావింట్లో తనవాళ్ళని పోగొట్టుకున్నవాడు మాట్లాడేదాకా ఎదుటివాళ్ళు నోరు విప్పకూడదు. హిండా కాచుకుని కూర్చుంది.

జెలిగ్ తలెత్తాడు. ఏడ్చి ఏడ్చి ఉబ్బిన కళ్ళతో ఆమె ముఖంలోకి సూటిగా చూశాడు. బలవంతాన మర్యాద తెచ్చుకుని అన్నాడు.

"రండమ్మా, శ్రమపడి వచ్చారు. మా అమ్మ మీకు బాగా తెలుసా?"

గదిలో ఎవరో దగ్గారు. గుమ్మం దగ్గర గిట్ల్ కొయ్యబారిపోయింది.

"నాన్నా," అంది హిండా. "నేను, హిండాని."

జెలిగ్ తడుముకుని కళ్ళజోడు పెట్టుకున్నాడు. చాలాసేపు చూశాడు. కుడిచెయ్యి దానంతటదే లేచింది, రెండువేళ్ళు ముందుకి చాపి, అచ్చం తల్లి చాపినట్టే. ముక్కు దాకా వచ్చి ఆగిపోయింది. ఎక్కడ పట్టుకోవాలో తెలియనట్టు కాసేపు గాలిలో ఉండి, మళ్ళీ మోకాలిమీద వాలింది.

"ఇప్పుడు ఊపిరి బాగా ఆడుతోందా తల్లీ?" అన్నాడు.

"ఆడుతోంది నాన్నా," అంది హిండా, నోటితో గాలి పీల్చుకుంటూ.