రాతి గదికి తగిన స్పీకర్లు

హోసూరులో మాది రాతి బండలు పరిచిన చిన్న గది. పోయిన నా భార్య మనోరమ వాయించిన వీణ టేపు పెడితే, బావమరిది దొరస్వామి పట్టుబట్టి కొనిపించిన పెద్ద స్పీకర్లలో ఒట్టి హోరే వినిపించేది. ఎనభై మూడులో, నా పదిహేను వాట్ల ఆంప్లిఫయరుకూ ఈ గదికీ సరిపోయే చిన్నవి రెండు కృష్ణగిరి నుంచి తెచ్చినాను.

"ఇవేంది బావా, అగ్గిపెట్టెలా? స్పీకరంటే పెండ్లి పందిట్లో మోగినట్టుండాల!" అన్నాడు దొరస్వామి.

"ఈడ పెండ్లి యాడుందప్పా? వీణ వినబడితే చాలు."

స్పీకర్లను గోడకు దూరంగా జరిపి, మోత తగ్గేదానికి ఎదురు గోడకు బొంత వేలాడదీసి, టేపు పెట్టినాను. ప్రతి తీగా విడివిడిగా పలికింది. దొరస్వామి నవ్వు ఆగిపోయింది.

"బావా, అక్క గాజులు గూడా వినిపిస్తా ఉండాయి!"

మళ్ళీ మొదటి నుంచి పెట్టమని వాడే అడిగినాడు.