మూల చించిన చీటీ

కొత్త కంప్యూటర్ ప్రోగ్రాం చూసి ఆసుపత్రి రికార్డుల గదిలో అందరూ చప్పట్లు కొడుతుంటే హెడ్‌క్లర్కుకి ఒళ్ళు మండింది. చప్పట్లకి కాదు, వాటిని మరిది అందుకున్న తీరుకి. ఆ ప్రోగ్రాం తయారుచేసింది ఆమె భర్త తమ్ముడే. పెళ్ళికొడుకులా నవ్వుతూ గోడమీది తెరకేసి చెయ్యి చూపించి, "మీరేమీ కొత్తగా నేర్చుకోనక్కర్లేదండీ. కళ్ళు మూసుకుని పని చేసుకోవచ్చు. పాతదే ఇది, ఇల్లు మారిందంతే" అన్నాడు.

ఆ ఇల్లు మారడమే అసలు సంగతి. పాత ప్రోగ్రాం ఇరవై రెండేళ్ళపాటు ఆ గది కంప్యూటర్లలోనే కాపురం చేసింది. ఇది ఇంటర్నెట్ మీద, బ్రౌజర్లో తెరుచుకునే సరుకు. మరిది దానికి పాతదాని వేషం వేశాడు. అవే బూడిదరంగు కిటికీలు ఒకదానిమీద ఒకటి, అదే మెనూ పట్టీ, మూలన అదే ఇంటూ గుర్తు. ఆఖరికి మెనూలో 'సేవ్' పక్కన పాత అలవాటు ప్రకారం 'ఎఫ్ ఫైవ్' అని కూడా రాశాడు. వేషం ఎంత బాగా కుదిరిందంటే లోపల మనిషి వేరని ఎవరికీ తోచలేదు.

ఆ గదిలో పని ఇలా జరుగుతుంది. ఏ రోగికి ఏ మందు పడదో నర్సులు చీటీమీద రాసి పంపుతారు. గుమాస్తా ఆ చీటీని బల్లమీది స్కానరులో పెట్టి తీసి, పక్కన క్లిప్పుకి తగిలిస్తే దాని బొమ్మ తెరమీద కుడిపక్కకి వస్తుంది. ఎడమపక్క గళ్ళలో టైపు చెయ్యాలి. అయిపోగానే ఎడమచెయ్యి ఎఫ్ ఫైవ్ కీ నొక్కుతుంది, కుడిచెయ్యి క్లిప్పుకి పట్టి ఉన్న చీటీ మూల చించుతుంది. రెండూ ఒకేసారి. మూల చిరిగిందంటే కంప్యూటర్లోకి ఎక్కినట్టే. ఆ క్షణంలో తెరవైపు చూసేది కొత్తవాళ్ళే. ఇరవై ఏళ్ళు చేసినవాళ్ళు తర్వాతి చీటీ చూస్తారు. మరిది ఒక్కరోజయినా వచ్చి ఈ చేతుల్ని చూసిన పాపాన పోలేదు. పాత తెరల ఫొటోలు తెప్పించుకుని తన ఆఫీసులో కూర్చుని దించేశాడు.

పరీక్షగా వాడి చూసినప్పుడు లోపం హెడ్‌క్లర్కు కంట పడింది. టైపు చేశాక నర్సు చేతిరాత మీద అనుమానం వచ్చి బొమ్మమీద నొక్కి పెద్దది చేసుకుంది. అలాగే ఎఫ్ ఫైవ్ కొట్టింది. తెర ఒకసారి రెపరెపలాడి గళ్ళు ఖాళీ అయ్యాయి. సేవ్ అయినా గళ్ళు ఖాళీ అవుతాయి కాబట్టి మామూలుగా అయితే పట్టించుకునేది కాదు. పరీక్ష కదా అని వెతికితే, టైపు చేసినది ఎక్కడా లేదు.

ఆ రాత్రి ఇంట్లో భోజనాల దగ్గర మరిదిని నిలదీసింది.

"ఓ, అదా!" అన్నాడు మరిది తేలిగ్గా. "బొమ్మమీద నొక్కాక ఆ కీ నా ప్రోగ్రాంకి అందదు వదినా, బ్రౌజర్ లాగేసుకుంటుంది. బ్రౌజర్ లెక్కలో ఎఫ్ ఫైవ్ అంటే పేజీ మళ్ళీ మొదట్నుంచీ తెరవమని. రాసిందంతా పోతుంది."

"తెలిసే అలా వదిలేశావా?"

"తర్వాత సరిచేస్తాను. ఎల్లుండే అప్పగింత. ఇప్పుడు కదిలిస్తే నా కొంప మునుగుతుంది. నువ్వు లోపాల్లేవని సంతకం పెట్టెయ్. మీవాళ్ళని ఆ బొమ్మ ముట్టుకోవద్దని చెప్పు, చాలు."

"పెట్టెయ్యవే, వాడేమన్నా పరాయివాడా?" అన్నాడు భర్త, పళ్ళెంలోంచి తల ఎత్తకుండా.

ఆమె పెట్టింది. గదిలో మాత్రం, "బొమ్మ పెద్దది చెయ్యకండి, మెషీన్ నెమ్మదిస్తుంది" అని ఒక అబద్ధం విసిరి ఊరుకుంది. అసలు కారణం చెబితే అది సూపరింటెండెంటు చెవిన పడుతుందని భయం. ఉత్త నెమ్మదికి ఎవరు భయపడతారు? ఆ మాట ఎవరి చెవికీ ఎక్కలేదు.

అందరికంటే ఎక్కువగా బొంగురమ్మ చెవికి ఎక్కలేదు. గొంతు బొంగురు కాబట్టి గదిలో అందరూ ఆవిడని అలాగే పిలుస్తారు, ఆవిడా పలుకుతుంది. ఒళ్ళు దాచుకోకుండా పనిచేసే మనిషి. అంతా టైపు చేశాక ప్రతి చీటీనీ చివరిసారి బొమ్మమీద నొక్కి, పెద్దది చేసి, అక్షరం అక్షరం సరిచూసుకుని అప్పుడు ఎఫ్ ఫైవ్ కొడుతుంది. సరిచూడకుండా తోసేసే బద్ధకస్తుల చీటీలన్నీ క్షేమంగా ఎక్కాయి. ఆవిడ సరిచూసినవే పోయాయి.

కొత్త ప్రోగ్రాం వచ్చిన ఏడోవారంలో మూడో వార్డులో ఒకాయనకి పడని ఇంజెక్షన్ ఇచ్చారు. గొంతు వాచి ఊపిరి ఆగినంత పనయింది. మూడురోజులు వెంటిలేటర్ మీద ఉండి బతికి బయటపడ్డాడు. ఆయనకి ఆ మందు పడదన్న చీటీ రికార్డుల్లో దొరికింది. మూల చిరిగే ఉంది. కంప్యూటర్లో మాత్రం ఏమీ లేదు. వంతుల పుస్తకంలో ఆ పూట పేరు బొంగురమ్మది.

"ఎక్కించకుండానే మూల చించావు. ఒక మనిషి ప్రాణం నీకు అంత చులకనా?" అన్నాడు సూపరింటెండెంటు అందరిముందూ. విచారణ తొమ్మిదిరోజుల తర్వాత అన్నాడు. తప్పు తేలితే ఉద్యోగం పోతుంది. అందాకా ఆవిణ్ణి కీబోర్డు ముట్టుకోనివ్వకుండా, మూలన కవర్లు సర్దే పనిలో కూర్చోబెట్టారు.

హెడ్‌క్లర్కు ఇంటికొచ్చి చెప్పులు విప్పకుండానే మరిదిమీద విరుచుకుపడింది. "వెళ్ళి చెప్పు. నీ ప్రోగ్రాం తప్పని నీ నోటితో చెప్పు."

"చెబితే నన్ను మళ్ళీ ఎవడు పిలుస్తాడు? అయినా సంతకం ఎవరిది వదినా? నన్ను ముంచితే నువ్వు తేలతావా?"

"ఆవిడ ఏ పాపం చేసిందిరా?"

"తెర చూడకుండా కీలు కొట్టింది. అది నా తప్పా?"

ఆ మాటకి చెంప పగలగొట్టాలనిపించింది. కొట్టలేదు. ఆ తర్వాత ఆ ఇంట్లో వాళ్ళిద్దరి మధ్యా మాటల్లేవు. అతను వస్తే ఆమె లేచి వెళ్ళిపోయేది. ఆఫీసులో మాత్రం బొంగురమ్మ పక్కన కూర్చుని మధ్యాహ్నం అన్నం తినేది. నోటిదాకా వచ్చిన మాటని ముద్దతోపాటు మింగేసేది. విచారణ రోజున మెషీన్ మీద చేసి చూపిస్తే చాలు, మరిదిగాడి బండారం దానంతట అదే బయటపడుతుంది, తను నోరు విప్పే అవసరమే రాదని సర్దిచెప్పుకుంది. పిరికితనానికి ఎన్ని సాకులు కావాలంటే అన్ని దొరుకుతాయి.

విచారణ రోజు వచ్చింది. సూపరింటెండెంటు బల్లకి అటుపక్క, బొంగురమ్మ తలుపు దగ్గర నిలబడి. మరిది తెరముందు కూర్చుని రెండు చీటీలు ఎక్కించి చూపించాడు. "చూశారుగా, ఎక్కడా లోపం లేదు" అన్నాడు.

"బొమ్మమీద నొక్కి ఎఫ్ ఫైవ్ కొట్టు" అంది హెడ్‌క్లర్కు.

తొమ్మిదిరోజుల్లో అతనితో అన్న మొదటి మాట అది. అతను నిమ్మకు నీరెత్తినట్టు లేచి కుర్చీ ఆమెకే ఇచ్చాడు. ఆమె చీటీ పెట్టింది, టైపు చేసింది, బొమ్మమీద నొక్కి ఎఫ్ ఫైవ్ కొట్టింది. తెర రెపరెపలాడలేదు. వెతికింది. ఎక్కించినది ఎక్కించినట్టే ఉంది.

మరిది ఈలోగా దాన్ని సరిచేసేశాడని ఆమెకి అప్పుడు తట్టింది. పాత ప్రోగ్రాం అయితే ఏది మార్చాలన్నా మనిషి వచ్చి ప్రతి కంప్యూటరు ముందూ కూర్చోవాల్సిందే. ఇది ఇంటర్నెట్ మీద ఉన్నది. ఎక్కడో కూర్చుని సరిచేస్తే అందరి తెరలమీదా ఒక్కసారే మారిపోతుంది. చడీచప్పుడూ ఉండదు. సరిచెయ్యకముందు ఎలా ఉండేదో చూపించడానికి ఇక ఆమె మాట తప్ప ఏమీ మిగల్లేదు.

మరిది కళ్ళు, ఇప్పుడేం చేస్తావన్నట్టు నవ్వుతున్నాయి.

"ఇది ఇలా ఉండేది కాదండీ" అందామె సూపరింటెండెంటుతో. "బొమ్మమీద నొక్కి కొడితే రాసిందంతా పోయేది. ఆవిడ చీటీ అలాగే పోయింది. ఇతను ఈ మధ్యే గుట్టుగా మార్చేశాడు."

"మీకెలా తెలుసు?"

"పరీక్షప్పుడే చూశాను. ఇతనికి చెప్పాను. తెలిసే, లోపాల్లేవని సంతకం పెట్టాను."

సూపరింటెండెంటు మరిదికేసి తిరిగి, "మార్చారా?" అన్నాడు. అతను ఆమెకేసి తిరిగి, "ఇంట్లో ఏ మొహం పెట్టుకుని తిరుగుతావు వదినా?" అని మాత్రం అన్నాడు. ఆ ఒక్క మాటతో సూపరింటెండెంటుకి కావలసిన జవాబు దొరికింది. బొంగురమ్మ తప్పేమీ లేదని అప్పటికప్పుడే రాశాడు. హెడ్‌క్లర్కుని రేపటినుంచి రావద్దన్నాడు.

ఆమెకి ఏడుపు రాలేదు. బరువు దిగినట్టే ఉంది. బయట మెట్లదగ్గర బొంగురమ్మని అందుకుని, "పోనీలే, నీ ఉద్యోగం నిలబడింది" అంది.

బొంగురమ్మ ఆగింది. "ఎక్కించినట్టే గుర్తు, లేదన్నారు. నాకు మతి పోతోందనుకున్నానక్కా" అంది. "మా అమ్మకి మతిమరుపు ఈ వయసులోనే మొదలైంది, నాకూ వచ్చేసిందనుకున్నాను. పొయ్యి ఆర్పానో లేదో నామీద నాకే నమ్మకం లేక వంట మా కోడలికి వదిలేశాను. మనవరాలికి స్నానం చేయించడం మానేశాను, నీళ్ళలో వదిలి మర్చిపోతానేమోనని. అది నానమ్మే కావాలని ఏడుస్తుంటే తలుపేసుకుని కూర్చున్నాను."

"నాకు తెలీదే..."

"నీకు తెలిసిందే నాకు చెప్పలేదు. వాళ్ళకి చెప్పకపోతే పోనీ. నా చెవిలో ఒక్క మాట వేసి ఉంటే, ఉద్యోగం పీకేసినా నవ్వుకుంటూ ఇంటికి పోయేదాన్ని."

హెడ్‌క్లర్కు చెయ్యి చాచింది. బొంగురమ్మ ఆ చేతిని తోసేసి గబగబా మెట్లు దిగింది. హెడ్‌క్లర్కు వెనకాలే రెండు మెట్లు దిగి అక్కడే ఆగిపోయింది.