హారతికీ ధ్యానానికీ ఒకే గంట

నేను ఒక పూజగంటను. అజ్జరంలో కంచుతో పోత పోసి, నెత్తిన నందిని కూర్చోబెట్టారు. నన్ను పోసిన ముసలాయన మూడుసార్లు మోగించి చూసి, "దీనికి గొంతెక్కువ" అని పక్కన పెట్టేశాడు. కాపురానికి సామాను కొనుక్కోవడానికి వచ్చిన వెంకటరత్నమ్మగారు మాత్రం ఆ గొంతు కోసమే నన్ను ఏరుకున్నారు. "దేవుడి సంగతి తరవాత. ముందు పెరట్లో ఉన్న మా మావగారికి వినపడాలి" అన్నారు. ఆ ఇంట్లో హారతి అయితేగాని ఎవరికీ కాఫీ ఉండేది కాదు మరి.

అరవయ్యేళ్ళకు పైగా నా పనికి ఎవరూ వంక పెట్టలేదు. నేను మోగితే దేవుళ్ళు వస్తారనీ, రాక్షసులు పారిపోతారనీ చెప్పుకుంటారు. నేను చూసింది మాత్రం కాఫీ కోసం వచ్చేవాళ్ళనే.

ఇప్పుడు రత్నమ్మగారికి ఎనభై దాటాయి. తణుకులో కొడుకు వామనరావు ఇంట్లో, లోపలి గదిలో మంచం మీద ఉంటారు. చూపు పూర్తిగా పోయింది. కోడలు హైమావతి పూజగదిలో నన్ను మోగిస్తే, ఆవిడ పడుకున్నచోటే చేతులు జోడిస్తారు. ఆ తరవాతే ముద్ద ముడతారు. ఎనిమిదింటికి కోడలు ఇన్సులిన్ వేస్తుంది. అరగంటలో తినకపోతే ప్రమాదమని డాక్టరు చెప్పాడు. అంటే ఆవిడ దేవుడూ, ఆవిడ ఇడ్లీ, రెండూ నా మీదే ఆధారపడి ఉన్నాయి.

నా కష్టాలు వామనరావు రిటైరయ్యాక మొదలయ్యాయి. పదిరోజులు ధ్యాన శిబిరంలో మౌనంగా ఉండి వచ్చి, పదకొండో రోజు నుంచి ఆపకుండా మాట్లాడుతున్నాడు. తృష్ణ, దుఃఖం, అనిత్యం. బుద్ధుడి బొమ్మ తెచ్చి వెంకటేశ్వరుడి పక్కన పెట్టాడు. మర్నాటికల్లా హైమావతి బొట్టు పెట్టేసింది.

"ఆయనకెందుకే బొట్టు?"

"ఒకాయనకి పెట్టి పక్కాయనకి మానేస్తే ఏం బావుంటుందండీ?"

ధ్యానానికి గంట కావలసి వచ్చింది. కొనుక్కోవచ్చు. కానీ కోరికలు తగ్గించుకుంటున్న మనిషి కదా, నన్ను పట్టుకుపోయాడు. గలగలమనకుండా పటకారుతో నా నాలుక ఊడబెరికాడు. పప్పుగుత్తికి గుడ్డ చుట్టి, బయటినుంచి ఒక్క దెబ్బ వేశాడు. ఆ మోత పూర్తిగా పోయేదాకా వినాలట. తరవాత ఇంకో దెబ్బ. అప్పటికి హైమావతి అత్తగారికి సూది వేసి, హారతికని నన్ను వెతుకుతోంది.

లోపలి గదిలోంచి రత్నమ్మగారి గొంతు వినిపించింది. "హైమా, ఎవరు పోయారే?"

నా ప్రాణం ఉసూరుమంది. శవం ముందు జంగందేవర జేగంట కొట్టేది అచ్చం ఇలాగే. ఒక్క దెబ్బ, ఆగి, మళ్ళీ ఒక్క దెబ్బ. వీధిలో శవం లేచేదాకా రత్నమ్మగారు మంచినీళ్ళు కూడా ముట్టరు.

"ఎవరూ పోలేదు అత్తయ్యగారూ. మీ అబ్బాయి ధ్యానం చేసుకుంటున్నారు."

"నా దగ్గర దాచకు. ఎదురింటి సీతారావమ్మేనా?"

"ఆవిడ ఇందాకే పాలు తీసుకుని వెళ్ళారు."

"అయితే వాళ్ళాయనా?"

"ఆయన పోయి ఆరేళ్ళయింది."

నిమిషాలు గడిచిపోతున్నాయి. ఇడ్లీ ముక్క పెదవులదాకా వెళ్ళి వెనక్కి వచ్చింది. హైమావతి పరుగున పోయి సీతారావమ్మగారినే తీసుకొచ్చి మంచం పక్కన నిలబెట్టింది. రత్నమ్మగారు ఆవిడ మొహం, చేతులు తడిమి చూశారు. "నువ్వు కాదన్నమాట. మరెవరో కనుక్కుని చెప్పు" అన్నారు. సూది పనిచేసి రత్నమ్మగారికి అప్పటికే చెమటలు పడుతున్నాయి.

హైమావతి ముందుగదిలోకి వచ్చింది. "ఏమండీ, సూది వేసేశాను. అత్తయ్యగారు తినట్లేదు."

వామనరావు కళ్ళు తెరవలేదు. "ఐదు నిమిషాలాగు. దేన్నైనా సమభావంతో చూడాలి."

"సమభావంతోనే చెబుతున్నాను. లేవకపోతే ఆ పప్పుగుత్తితో ఇంకో దెబ్బ పడేది గంట మీద కాదు."

లేచాడు. తల్లి పక్కన కూర్చుని నన్ను ఆవిడ చేతిలో పెట్టాడు. "అమ్మా, కొట్టింది నేనే. ఇది చావుగంట కాదు. మోత పుడుతుంది, పోతుంది. పోయేదాకా వినడమే ధ్యానం."

ఆవిడ వేళ్ళకి నంది తగిలింది. లోపల నాలుక తగల్లేదు.

"అలా వినడం నాకు తెలుసురా. నీ పసితనంలో మీ నాన్నని తీసుకెళ్ళినప్పుడు నన్ను గుమ్మం దాటనివ్వలేదు. అక్కడే నుంచుని ఆ జేగంట కాలవ దాటి, ఇక వినపడకుండా పోయేదాకా విన్నాను. ఆ తరవాత లోపలికొచ్చి నీకు అన్నం కలిపి పెట్టాను."

పదిరోజుల శిబిరంలోనూ వామనరావుకి అంత మౌనం కుదిరి ఉండదు.

"సరేగానీ, దేవుణ్ని పిలు. కాళ్ళూ చేతులూ లాగేస్తున్నాయి."

హైమావతి కర్పూరం వెలిగించింది. వామనరావు పప్పుగుత్తికి చుట్టిన గుడ్డ విప్పి నన్ను ఎడాపెడా వాయించాడు. నంది చెవి ఒకటి వంగిపోయింది. రత్నమ్మగారు దండం పెట్టుకుని ఇడ్లీ తిన్నారు.

నా నాలుక ఎక్కడ పడేశాడో ఇంతవరకూ దొరకలేదు. ఇప్పుడు నాకు రెండు ఉద్యోగాలు. హారతికి చెంచాతో దరువు, అది కాగానే ధ్యానానికి ఒక్క దెబ్బ. దేవుడు వస్తున్నాడో లేదో, దుఃఖం పోతోందో లేదో నాకెవరూ చెప్పరు. దెబ్బలు మాత్రం నావి.

ఆ ఒక్క దెబ్బ పడ్డప్పుడు లోపల రత్నమ్మగారు నమలడం ఆపేస్తారు. హైమావతి గరిటె పట్టుకుని అలాగే నిలబడుతుంది. మోత సన్నబడి, సన్నబడి, ఎక్కడో కాలవ దాటాక, ముందు రత్నమ్మగారే అంటారు.

"పోయిందమ్మా. ఇంకో ఇడ్లీ వెయ్యి."