గుంటలో బూడిద

నాలుగేళ్ల కిందట, ముసురు పట్టిన ఓ పొద్దున, ఎగువన కుంట తెగి నీళ్లు సిద్దిపేటలో కొండవ్వ ఉండే వాడకట్టు మీద పడ్డాయి. ఆమె పెనిమిటి భూపతి అప్పుడు గుంటమగ్గంలో కాళ్లు వేలాడేసి గొల్లభామ చీర నేస్తున్నాడు. కింది తొక్కుడు చెక్కల నడుమ కాలు ఇరుక్కుంది. గడ్డందాకా మునిగినవాణ్ని కొండవ్వే చంకల్లో చేతులేసి బయటికి గుంజింది.

కాలి గాయం మానింది గాని దగ్గు పోలేదు, నిద్ర మళ్లీ రాలేదు. మబ్బు పడితే చాలు, మంచమెక్కి కాళ్లు ముడుచుకుంటాడు. గుంటలో పాదం పెట్టబోతే "తడున్నదే" అని వెనక్కి తీస్తాడు. గుంటేమో ఎండి బీటలు వారి ఉంటుంది. తొందరపెట్టొద్దని దవాఖానలో చెప్పారు. కానీ రోజురోజుకూ చిక్కి సగమవుతున్న మనిషిని చూస్తే, మగ్గమెక్కకపోతే ఇక దక్కడనిపించింది కొండవ్వకు. ఇవాళ పొయ్యి బూడిద జల్లెడ పట్టి గుంట నిండా చల్లింది.

పక్కింటి బాలలక్ష్మి తొంగిచూసింది. "ఏం వదినా, గుంటకు పౌడర్ పూస్తున్నవ్? పెండ్లిచూపులా ఏంది?"

"నీకన్నీ పరాచికాలే పిల్లా. తడుంటే బూడిద నల్లబడ్తది గద. మీ అన్న తన కండ్లతోటి చూసుకుంటడని."

భూపతి వంగి చూశాడు. తెల్లగా ఉంది. వేలితో తాకాడు. మెల్లగా కాళ్లు దించాడు. టక్ టక్ మని మగ్గం ఆడింది! కొండవ్వ కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది, ఏడ్చింది.

ఇంతలో రేకుల మీద ఓ చినుకు పడింది. తర్వాత పది. వాకిట్లో ఆరబోసిన మిరపకాయలు ఎత్తబోయిందామె. సగం ఎత్తకముందే మగ్గం చప్పుడు ఆగిపోయింది.

లోపల భూపతి పోగు నడిపే నాడె పిడికిట్లో బిగించి కూర్చున్నాడు. "నీళ్లొచ్చినయే," అన్నాడు.

"ఏడొచ్చినయయ్యా! గీ వానకు వాకిలి సుత తడ్వది."

గుంటలో చెయ్యి పెట్టింది. అతని పాదాలకు బూడిద బురదలా అంటుకుని ఉంది. గబగబా అడుగంతా తడిమింది. పొడి బూడిదే. అతని కాళ్లే చల్లబడి చెమట కారుతున్నాయి.

"తియ్యయ్యా కాళ్లు."

"వస్తలేవే. ఇరికినయి."

చెక్కలు వదులుగానే ఉన్నాయి. ఆమె వెనక నుంచి చంకల్లో చేతులేసి గుంజింది. గుప్పెడు ఎముకల మనిషి, ఆనాటికంటే బరువుగా ఉన్నాడు. కదల్లేదు.

"నీళ్లు ఎందాక వచ్చినయయ్యా?" అని తనకు తెలియకుండానే అడిగింది కొండవ్వ.

భూపతి పెదవులు బిగబట్టి, గడ్డం పైకెత్తాడు.